తిప్పిన వాకిళ్ళు

"నిట్రాడు పీక్కుపోతే ఇక గుడారం దేని మీద నిలబడుతుంది? నా నెత్తి మీదా?"

చీకటితో లేచినప్పటి నుంచి శమిక ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసిందో ఆమెకే గుర్తులేదు. ఆమె భర్త శరభుడు కూడా ప్రతిసారీ చెప్పిన జవాబే మళ్ళీ చెప్పాడు.

"రాజుగారి ఆజ్ఞ అయితే నేనేం చేసేది? జెండా కర్ర మీద ఒంటె కూర్చుంది. విరిగింది. ఈ దండు మొత్తంలో ఇంత పొడుగు కర్ర, ఇంత తిన్నని కర్ర ఇంకోటి లేదు."

"అయితే ఆ ఒంటెనే లేపి దాని మెడకు కట్టండి జెండా."

"ఒంటె మెడకు జెండా కడతారటే ఎవరైనా?"

"కాపురం చేస్తున్న గుడారానికి నిట్రాడు పీకుతారటయ్యా ఎవరైనా?"

లోపలి నుంచి మామగారు కూపదత్తుడి గొంతు కంబళి చాటున బొంగురుగా వినిపించింది. "కోడలా, పైకప్పు నా మొహం మీదికి వచ్చేసింది. నేను లేవాలా, పడుకునే ఉండాలా? ఏదో ఒకటి తేల్చండి."

మరుధాత్రి రాజ్యంలో బంగారమైనా దొరుకుతుందేమో గాని, మంచి కర్ర దొరకదు. కనుచూపు మేర ఇసుక, ఇసుకలో అక్కడక్కడ ముళ్ళకంపలు. శమిక గుడారానికి నడుమ నిలిచే ఆ దేవదారు నిట్రాడు ఆమె అమ్మమ్మది. ఎప్పుడో మంచుకొండల నుంచి బిడారులో వచ్చింది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి శమికకు అందింది. ఆ దేశపు ఆచారం ప్రకారం గుడారమూ నిట్రాడూ వాకిలీ ఆడవాళ్ళవి. ఒంటెలూ కత్తులూ మగవాళ్ళవి. ఇంత స్పష్టంగా పంచి పెట్టిన తరువాత కూడా ఒక మగవాడు ఆడవాళ్ళ వాటాలో చెయ్యి పెట్టాడంటే శమికకు ఒళ్ళు మండిపోతోంది.

ఆడపడుచు తిత్తిరి రెండు ఈటెలను తాడుతో జతకట్టి నిట్రాడున్న చోట పొడిచింది. గుడారం జబ్బు చేసిన ఒంటెలా ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

"నిలబడిందిగా వదినా. సర్దుకో."

"నేను సర్దుకోవడానికే పుట్టాను," అంది శమిక. తరువాత భర్త వైపు తిరిగింది. "ఇదిగో చూడు. సాయంత్రానికి నా నిట్రాడు నాకు తెచ్చి ఇవ్వకపోతే వాకిలి తిప్పేస్తాను."

అత్తగారు ఖర్జూరి, గంజి కలుపుతున్న తెడ్డును గాలిలో ఆపేసింది.

"ఆ మాట వేళాకోళానికైనా అనకూడదే," అంది మెల్లిగా.

మరుధాత్రిలో ఆడదానికి మగవాడితో కాపురం వద్దనిపిస్తే అరుపులూ లేవు, పంచాయితీలూ లేవు. వాకిలి తెర విప్పి గుడారం వెనక పక్కకు కడుతుంది; వెనక తెర తెచ్చి ముందుకు కడుతుంది. ఇంటికి తిరిగి వచ్చినవాడికి వాకిలి ఉండాల్సిన చోట మూసిన కంబళి కనబడితే, అతడు మారు మాట్లాడకుండా వెనక్కి పోవాలి. ఆ మనిషే వచ్చి ఎదురుగా నిలబడి, ఆమె మనసు కరిగితేనే వాకిలి మళ్ళీ తిరుగుతుంది. అదీ ఆమె చేతితోనే. తిప్పిన వాకిలి తెర ఎత్తుకుని లోపలికి పోయిన మగవాడు మరుధాత్రిలో ఇంతవరకూ లేడు. ఆ కంబళికి ఇవతల దాహంతో చచ్చిపోతాడు గాని అవతలికి పోడు.

శరభుడు మాత్రం నవ్వాడు. నవ్వే మనిషిని చూస్తే శమికకు ఇంకా ఒళ్ళు మండింది.

"తిప్పుకో. ఈ కర్ర నా చేతిలోంచి జారిపోతే నిజంగానే నన్ను లోపలికి రానివ్వకు. నేను వచ్చానంటే కర్రతోనే వస్తా," అని నిట్రాడును భుజాన వేసుకుని, పసుపు జెండా దానికి చుట్టుకుంటూ మిట్ట దిగి వెళ్ళిపోయాడు. గంజి తాగకుండానే వెళ్ళాడు. ఆ సంగతి శమికకు ఆలస్యంగా గుర్తొచ్చింది. దానికీ అతన్నే తిట్టుకుంది.

మిట్ట కింద ఎండవాగు. వానాకాలంలో కూడా నీరు పారని ఆ వెడల్పైన ఇసుకవాగుకు ఉత్తరాన హేమశృంగ సామ్రాజ్య సేన బారులు తీరి నిలిచింది. ఎడారిలోని బావులన్నీ తనవేనని హేమశృంగ చక్రవర్తి చాటించాడు. కాదన్నందుకు ఈ యుద్ధం.

తొలిపొద్దు సోకగానే వేలాది శిరస్త్రాణాలు ఒక్కుమ్మడిగా భగ్గుమన్నాయి. ముందు వరుసలో ఇనుపరౌతులు. రౌతుకూ గుర్రానికీ కలిపి చేపపొలుసుల వంటి ఉక్కురేకుల కవచం, కళ్ళ దగ్గర మాత్రం సన్నని చీలికలు. వారి వెనక ఊదారంగు పట్టుపతాకాలు, వాటి మీద బంగారు జలతారుతో రెక్కలు విప్పిన గండభేరుండాలు. ఆ వెనక ఎద్దులు లాగుతున్న బండ్లు, బండ్ల మీద నోళ్ళు తెరుచుకున్న కంచు సింహాలు. ఇంకా వెనక చక్రవర్తి శిబిరం. దానికి పగడాలు పొదిగిన గుంజలు, వెండి గొలుసులు, ముత్యాల కుచ్చులు. చక్రవర్తి స్నానం చేయడానికి చలువరాతి తొట్టి కూడా మోసుకొచ్చారని చెప్పుకున్నారు.

"యుద్ధానికొస్తూ స్నానాల తొట్టి!" అని ఖర్జూరి నిన్నటి నుంచి ఆశ్చర్యపోతూనే ఉంది. "ఆ తొట్టి మోసినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో."

దక్షిణాన మరుధాత్రి సేన. వాళ్ళకు కవచాలు లేవు. తెల్లని తలపాగాలు, నల్లని గుర్రాలు, పొడవాటి ఈటెలు, చెప్పిన మాట వినని ఒంటెలు. నడుమ రాజు నిదాఘవర్మ, ఆయన పక్కన దేవదారు నిట్రాడుకు రెపరెపలాడుతున్న పసుపు జెండా. వెనక మిట్ట మీద గుడారాలు. ఇంటికి వచ్చే మగవాళ్ళు నేరుగా లోపలికి రావడానికి వీలుగా అన్ని వాకిళ్ళూ యుద్ధభూమి వైపే తెరుచుకుని ఉన్నాయి.

నగారాలు మోగాయి. ఖర్జూరికి చూపు మసక. అందుకని తిత్తిరి పక్కన నిలబడి చెబుతోంది.

"మనవాళ్ళు ఉరికారమ్మా! ఇనుపరౌతులు ఇసుకలో దిగారు. గుర్రాలు కూరుకుపోతున్నాయి. మనవాళ్ళు చుట్టూ తిరిగి కొడుతున్నారు."

"జెండా ఉందా?"

"ఉంది."

"ఇంకా ఉందా?"

"ఉందమ్మా. ఇప్పుడేగా చెప్పాను."

"నీకు బిడ్డలుంటే తెలిసేది," అంది ఖర్జూరి. శమిక మాత్రం అటు చూడనట్టే ఈటెలకు తాడు బిగిస్తోంది. చూడకుండానే ఆమెకు జెండా ఎక్కడుందో తెలుస్తోంది.

అప్పుడు కంచు సింహాల మధ్యకు ఒక పొడవాటి మనిషి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా గడ్డం, ఆ గడ్డం కొసల నుంచి ఎప్పుడూ సన్నగా లేస్తుండే పొగ. హేమశృంగ చక్రవర్తి కొలువులోని మాంత్రికుడు ధూమకూర్చుడు! అతడు గడ్డం నిమిరి ఏదో గొణిగాడు. సింహాలు ఒక్కసారి గర్జించాయి. వాటి నోళ్ళలోంచి నల్లని చమురు చిమ్మి, గాలిలోనే అంటుకుని, నిప్పుల వానై మరుధాత్రి సేన మీద కురిసింది. ఇసుక మంటలెత్తింది. గుర్రాలు వెనక కాళ్ళ మీద లేచాయి. ఒంటెలు అడ్డదిడ్డంగా పరుగెత్తాయి. సైనికులు భయంతో నడుముల నుంచి నీటితిత్తులు లాగి మంటల మీద గుమ్మరించారు. నీరు తగిలిన చోటల్లా మంట చమురుతో పాటు నాలుగు వైపులా పాకింది.

"అయ్యో, నూనె మంట మీద నీళ్ళు పోస్తున్నారు!" అంది తిత్తిరి.

"వంటింటి వైపు ఎప్పుడైనా వచ్చి ఉంటే కదా తెలియడానికి," అంది శమిక.

నల్లని పొగ వాగంతా కమ్ముకుంది. పసుపు జెండా అందులో మునిగిపోయింది.

"జెండా ఉందా?" అని ఖర్జూరి మళ్ళీ అడిగింది. తిత్తిరి మునివేళ్ళ మీద లేచి పొగలో వెతికింది.

జెండా కనబడినంతసేపూ మరుధాత్రి సైనికుడు వెనక్కి తగ్గడు. కనబడకపోతే ఏం చేయాలో ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. ముందు ఒకడు గుర్రాన్ని తిప్పాడు. తరువాత పదిమంది. చూస్తుండగానే సేన మొత్తం మిట్ట వైపు, గుడారాల వైపు, తెరిచి ఉన్న వాకిళ్ళ వైపు పరుగు లంకించుకుంది.

"వచ్చేస్తున్నారు," అంది తిత్తిరి పాలిపోయిన ముఖంతో. "వాళ్ళ వెనకే ఇనుపరౌతులూ వస్తున్నారు, ఇసుకలో కూరుకుంటూ."

శమిక ఒక్క క్షణం చూసింది. పొద్దుటి నుంచి పేరుకున్న కోపం అంతా ఒక్కచోటికి చేరింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కర్ర పట్టుకుపోయారు. ఇప్పుడు ఒట్టి చేతులతో వచ్చి కంబళి కింద దూరుతారట! చాకు తీసుకుని వాకిలి తెర కట్లు టపటపా కోసింది. తెర భుజాన వేసుకుని గుడారం వెనక్కి నడిచింది.

"ఏం చేస్తున్నావే?" అని కేకవేసింది ఖర్జూరి.

"వాకిలి తిప్పుతున్నాను."

"నా కొడుకు మీదా?"

"నీ కొడుకు మీద కాదత్తా. ఈ సైన్యం మీద."

ఖర్జూరి వెనక తెర రెండో కొస ఎత్తి పట్టుకుంది. "ముడి గట్టిగా వెయ్యి. నువ్వు వేసే ముళ్ళన్నీ ఊడిపోతాయి," అంది.

పక్క గుడారంలోని ఆవిడ ఇది చూసింది. ఆవిడ చేసేది ఆ పక్కావిడ చూసింది. చాకులు ఆడాయి, కట్లు తెగాయి, కొయ్యసుత్తులు మోగాయి. సైనికులు రొప్పుకుంటూ మిట్ట ఎక్కేసరికి గుడారాలన్నీ వాళ్ళకు వీపు చూపించి నిలబడి ఉన్నాయి.

ముందుగా వచ్చినవాడు దళపతి ఝంఝుడు. అతని మీసాలకు రాజ్యమంతటా పేరుంది. తన గుడారం ముందు గుర్రం దిగి, మూసిన కంబళిని చూసి, దారి తప్పానేమోనని పక్క గుడారం చూశాడు. అదీ అంతే. దాని పక్కదీ అంతే.

"ఏమేవ్! నేనేనే!" అన్నాడు కంబళితో.

"తెలుసు," అంది లోపలి నుంచి అతని భార్య.

"వాకిలేదీ?"

"అవతలుంది."

"అవతలంటే?"

"నువ్వు వచ్చిన వైపు కాకుండా."

"ముప్పై ఏళ్ళ కాపురమే మనది!"

"ముప్పై ఏళ్ళలో నిన్ను పరుగెత్తగా చూసింది ఇవాళే. ఇంత బాగా పరుగెత్తగలవని తెలిస్తే నీళ్ళకు పంపేదాన్ని."

గుడారాల మధ్య మగవాళ్ళు గుంపులుగా నిలబడిపోయారు. పక్కనుంచి రెండు అడుగులు వేస్తే అవతల వాకిలి తెరిచే ఉంది. ఒక్కడూ ఆ రెండు అడుగులు వేయలేదు. ఒకడు "గుక్కెడు నీళ్ళు అక్కా," అని దీనంగా అడిగాడు.

"నీళ్ళన్నీ మంటల్లో పోశావుగా!" అని శమిక గుడారం పక్కనుంచి ముందుకొచ్చింది. "ఇంట్లో నూనె అంటుకుంటే ఏం చల్లుతాం? ఇసుక! ఏదీ, ఇసుక ఎక్కడా దొరకడం లేదా మీకు? ఎడారి అంతా వెతికినా కనబడలేదా?"

ఝంఝుడు తన కాళ్ళ కిందికి చూసుకున్నాడు. తరువాత డాలు తిరగేసి, నిండా ఇసుక ఎత్తుకుని, గుర్రమెక్కాడు. అతనికి ఎంత కోపంగా ఉందంటే, ఆ కోపం భార్య మీదో హేమశృంగం మీదో అతనికే తెలియలేదు. "పదండిరా! ఇక్కడ నిలబడితే ఇంకా మాటలు పడాలి!" అని గర్జించాడు. డాళ్ళ నిండా ఇసుకతో సేన మొత్తం వెనక్కి తిరిగి మిట్ట దిగింది.

మళ్ళీ పొగ, కేకలు, లోహాల చప్పుడు. ఆ పొగలోంచి కాసేపటికి ఒక మనిషి ఒంటరిగా మిట్ట ఎక్కి వచ్చాడు. ముఖమంతా మసి, చేతులు ఖాళీ. శరభుడు!

అతడు గుడారం ముందుకొచ్చి మూసిన కంబళిని చూశాడు. పక్కగా నడిచి, వెనక్కి తిరిగి, వాకిలి తెర ఎత్తుకుని తిన్నగా లోపలికి వచ్చేశాడు.

"నా తండ్రీ!" అని ఖర్జూరి అతన్ని వాటేసుకుంది. మసక కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి ఆమెకు ఇంకేమీ కనబడలేదు.

అతని వెనకే లోపలికి వచ్చిన శమిక మాత్రం ఆ తెర వైపే చూస్తూ నిలబడింది. అది ఇంకా ఊగుతోంది.

"నా నిట్రాడేదీ?" అంది.

"అది పోయింది, ప్రియా," అన్నాడతడు మృదువుగా. "అంతకంటే మంచిది చేయిస్తాను. దానికి బంగారు తొడుగు వేయిస్తాను."

ప్రియా! పెళ్ళయినప్పటి నుంచి శరభుడు ఆమెను పిలిచిన పిలుపుల్లో 'ఒసేయ్' ఒక్కటే కాస్త మర్యాదైనది. శమిక తిత్తిరి వైపు చూసింది. తిత్తిరి కూడా ఊగుతున్న తెర వైపే చూస్తోంది.

వచ్చినవాడు కూపదత్తుడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నగారూ, సైన్యం దాహంతో చచ్చిపోతోంది. పాతాళబావి ఎక్కడుందో చెప్పండి. నీళ్ళు తీసుకుపోవాలి."

మరుధాత్రిలో ఇసుక కింద దాచిన బావి అది ఒక్కటే. ఎంత కరువొచ్చినా రాజ్యాన్ని బతికించేది అదే. దాని చోటు బావుల పెద్ద కూపదత్తుడికి తప్ప ఎవరికీ తెలియదు. అందులో విషం కలిపితే హేమశృంగం ఇక యుద్ధమే చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. కాని కూపదత్తుడు ఆ ఆలోచనలో లేడు. ఆయన ముఖం పొద్దుపొడుపులా విచ్చుకుంది.

"ఇన్నాళ్ళకు అడిగావురా! బావి మాట ఎత్తితే చాలు పారిపోయేవాడివి. చెబుతాను, కూర్చో. ఆ బావి మా తాతగారి తాతగారు తవ్వించలేదు. అందరూ ఆయనే అనుకుంటారు. తవ్వించింది ఆయన బావమరిది. ఆ బావమరిదికి ఒక కన్ను—"

"చోటు చెప్పండి నాన్నగారూ."

"చోటు చెప్పాలంటే ఆ కన్ను ఎలా పోయిందో చెప్పాలి. ఒక గద్ద ఉండేది—"

"చోటు!"

"తొందరపడితే బావి అర్థం కాదురా. ఆ గద్ద—"

"చోటు చెప్పవయ్యా ముసలివాడా!" అని అతడు అరిచాడు. ఆ అరుపుతో చెవుల దగ్గర నుంచి సన్నగా పొగ వచ్చింది.

శమికకు ఇక అనుమానం లేదు. "మామయ్యా, అవి లోపల కూర్చుని చెప్పేవి కావు. బయటికొచ్చి వేలు పెట్టి చూపించండి," అని ఆయన చెయ్యి పట్టి వాకిలి దాటించింది. తిత్తిరి తల్లిని లాగేసింది. ఆత్రంగా వాళ్ళ వెనకే లేవబోతున్నవాడిని శమిక వెనక్కి తిరిగి చూసింది.

"మా దేశపు మగవాడి నడక నేర్చుకున్నావు, గొంతు నేర్చుకున్నావు. తిప్పిన వాకిట్లో అడుగు పెట్టకూడదని ఎవరూ నేర్పలేదా?" అంటూ జతకట్టిన ఈటెలను కాలితో ఒక్క తన్ను తన్ని, వాకిట్లోంచి బయటికి దూకింది.

నిట్రాడు లేని గుడారం, మేకబొచ్చు కంబళ్ళ బరువంతా, అతని మీద కూలిపోయింది.

కంబళి కింద గుండ్రంగా ఏదో దొర్లింది, గిలగిలలాడింది. ఖర్జూరికి జరిగిందేమిటో సగమే అర్థమైంది. ఆ సగం చాలనుకుని కొయ్యసుత్తి అందుకుంది. తిత్తిరి రోకలి తెచ్చింది. పక్క గుడారాల ఆడవాళ్ళు చేతికి దొరికిందల్లా తెచ్చారు. "నా కొడుకు మొహం పెట్టుకొస్తావా! ఆ మొహం నేను తొమ్మిది నెలలు మోసి కన్నానురా!" అంటూ ఖర్జూరి వేసిన దెబ్బలు అన్నిటికంటే గట్టివి. కంబళి అంచు కింద నుంచి పొడవాటి గడ్డం పాములా బయటికి పాకింది. శమిక దాని మీద గూటం పెట్టి నేలలోకి దిగగొట్టింది.

"ఆపండి! ఆపండి!" అని లోపలి నుంచి ధూమకూర్చుడి కీచుగొంతు వినిపించింది. "నన్ను చంపితే నీ మొగుడు నీకు దక్కడు! వాడు హేమశృంగంలో, నా పొగగోపురంలో ఉంటాడు!"

సుత్తులు ఆగాయి.

"బతికే ఉన్నాడా?" అంది శమిక.

"పొగలో పట్టుకున్నాం. చక్రవర్తికి కావలసింది జెండా ఒక్కటే. వాడు కర్ర వదలడు! కొట్టాం, వదల్లేదు. నీళ్ళలో ముంచాం, వదల్లేదు. వేళ్ళు విప్పబోతే కరిచాడు. విసుగెత్తి కర్రతో సహా బండిలో వేసి పంపించాను. ఇంత మొండివాణ్ణి నేను చూడలేదు. మా అగ్నిపూజ పండుగ నాడు ఇద్దరినీ కలిపి మంటలో వేస్తాను. వాణ్ణీ, కర్రనూ!"

ఇంతలో కంబళి నుంచి దట్టమైన పొగ ఎగజిమ్మింది. గూటం దగ్గర పటుక్కున తెగిన చప్పుడు. నల్లని పొగసుడి ఒకటి గిరగిరా తిరుగుతూ ఉత్తరానికి ఎగిరిపోయింది. కంబళి కింద ఎవరూ లేరు. గూటం కింద ఇరుక్కుని గడ్డం పిడికెడు మాత్రం మిగిలింది.

"ఛీ, కంపు," అంటూ తిత్తిరి దాన్ని వేళ్ళతో పైకెత్తింది. ఎత్తిందే తడవు ఆమె ముఖం మీద మోకాళ్ళ దాకా గడ్డం మొలిచింది, కళ్ళు లోపలికి పోయాయి, ముక్కు వంకర తిరిగింది. అచ్చంగా ధూమకూర్చుడే! ఖర్జూరి మళ్ళీ సుత్తి ఎత్తింది.

"అమ్మా, నేనే, నేనే!" అని తిత్తిరి గడ్డం విసిరేసింది. ముఖం మళ్ళీ ఆమెదైపోయింది.

శమిక ఆ వెంట్రుకలు కర్రపుల్లతో తీసి గుడ్డలో చుట్టి కొంగున ముడివేసుకుంది.

పొద్దు వాలేసరికి యుద్ధం తేలిపోయింది. ఇసుక కప్పిన కంచు సింహాలు నోళ్ళు మూసుకున్నాయి. ఇనుపరౌతులు కవచాలు విప్పి పారేసి, ఉన్న గుర్రాల మీద ఉత్తరానికి పారిపోయారు. చక్రవర్తి స్నానాల తొట్టి వాగులోనే ఉండిపోయింది. ఒంటెలు అందులో నోళ్ళు పెట్టి, నీళ్ళు లేవని విసుక్కుని వెళ్ళిపోయాయి.

గెలిచినవాళ్ళు వచ్చి ఎవరి గుడారం ఎదుట వాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు కాసేపు నిలబెట్టి, ఒక్కొక్కరే వాకిళ్ళు తిప్పుకున్నారు. ఝంఝుడి భార్య అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టింది. మిట్ట మీద పొయ్యిలు వెలిగాయి. నవ్వులు వినిపించాయి.

శమిక గుడారం ఒక్కటే నేల మీద పడి ఉంది. దాని వాకిలి ఇంకా దక్షిణానికే ఉంది.

రాజు నిదాఘవర్మ తానే నడిచి వచ్చాడు. చక్రవర్తి శిబిరం నుంచి తెచ్చిన పగడాల గుంజను ఆమె ముందు పెట్టించాడు.

"అమ్మా, నీ నిట్రాడుకు బదులు ఇది. పొగగోపురం చేరినవాడు తిరిగి వచ్చిన దాఖలా లేదు. సేన మొత్తంతో వెళ్ళినా ఆ కోట గోడలు మనకు లొంగవు." ఆయన కాస్త ఆగాడు. "పైగా నువ్వు వాకిలి తిప్పావు. శరభుడు వచ్చి నిలబడలేదు. ఆచారం ప్రకారం అతడిప్పుడు నీ భర్త కాడు. నీకు ఏ బాధ్యతా లేదు."

"చిత్తం," అంది శమిక. అంతకుమించి మాట్లాడితే ఏమంటుందో ఆమెకే భయం వేసింది.

రాజు వెళ్ళాక కుటుంబమంతా కూలిన కంబళి మీదే కూర్చుని గంజి తాగింది. ఖర్జూరి కోడలి వైపు చూడలేదు. పొద్దున కొడుకుకు తీసిపెట్టిన గంజిముంత అలాగే పక్కన ఉంది. దాని మీద తొరక కట్టింది.

"పగడాల గుంజ బాగానే మెరుస్తోంది," అన్నాడు కూపదత్తుడు ఎవరితోనో అన్నట్టు. "రేపు నిలబెడదామా?"

"పొట్టిగా ఉంది," అంది తిత్తిరి.

"పొట్టిదో పొడుగుదో, ఇంటికి నిట్రాడు ఉండాలిగా," అంది ఖర్జూరి. "వాకిలి నేనే పట్టుకుని తిప్పించాను. నా కొడుకును నా చేత్తోనే బయట పెట్టాను."

శమిక గంజి చివరి గుక్క తాగి, ముంత బోర్లించి, చేతులు ఇసుకతో తోముకుంది. కొంగుముడి ఒకసారి తడిమి చూసుకుంది.

"ఆ గుంజ ఎవరూ నిలబెట్టకండి," అంది నెమ్మదిగా. "గుడారం ఇలాగే పడుండనివ్వండి. వాకిలి అటే ఉండనివ్వండి. మామయ్యా, మీ బూడిదరంగు ఒంటెను నేను తీసుకెళుతున్నాను. అత్తా, ఆ గంజి పారబోసి నేను వచ్చిన రోజున కొత్తది కాచు. హేమశృంగం వెళ్ళి నా నిట్రాడు నేను తెచ్చుకుంటాను. దాన్ని పట్టుకున్న మనిషి వదలనంటే, మనిషితో సహా తెచ్చి ఈ కంబళి ముందు నిలబెడతాను. తరువాత వాకిలి తిప్పాలో వద్దో అప్పుడు చూస్తాను."